మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో డిఫాల్ట్ రూపం మార్చుకునే ఏర్పాటు: పొరలు పక్కాగా ఉన్నాయి, ఉలుకూ పలుకే లేదు

పైథాన్‌లో గ్రాఫులు గీసేవాళ్ల స్క్రిప్టులు తెరిచి చూడండి. పైన దిగుమతుల కిందే ఒక పదిహేను వరుసలు కనిపిస్తాయి. అక్షరాల సైజు ఇంత, గీత మందం ఇంత, పైనా కుడిపక్కా అంచు గీతలు తీసెయ్, లెజెండుకు పెట్టె వద్దు. ఆ వరుసలు కిందటి స్క్రిప్టు నుంచి వచ్చాయి, దానికి అంతకు ముందుదాని నుంచి వచ్చాయి. ఒక్కో కాపీకి ఒక్కో అంకె మారుతూ వస్తుంది కాబట్టి చివరికి ఒకే నివేదికలో నాలుగు రకాల గ్రాఫులు తేలతాయి. ఈ అవస్థ అక్కర్లేకుండా చేసే ఏర్పాటు, ఆ గ్రాఫులు గీసే లైబ్రరీ అయిన మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనే ఉంది. ఇక్కడ చూస్తున్నది ఆ ఏర్పాటునే. లైబ్రరీ గ్రాఫులు ఎంత బాగా గీస్తుందన్నది వేరే ముచ్చట.

తీర్పు ముందే చెప్పేస్తే, ఏర్పాటు గట్టిది. రంగు, మందం, సైజు, ఫాంట్, సేవ్ చేసే తీరు అన్నీ ఒకే పట్టికలో ఉంటాయి. దాన్ని మార్చడానికి మూడు పొరలున్నాయి, ఏ పొర దేన్ని కొట్టేస్తుందో తిరుగులేని నియమం ఉంది. చిక్కల్లా ఒకటే. మీరు పెట్టిన సెట్టింగ్ పని చేయనప్పుడు చాలాసార్లు అది నోరెత్తదు. గ్రాఫ్ వచ్చేస్తుంది, కాకపోతే మీరు అడిగినట్టు ఉండదు. ఎక్కడెక్కడ అలా మౌనం వహిస్తుందో తెలిసినవాళ్లకు ఇది మంచి పనిముట్టు.

(మీటల పేర్లను, అంటే ఒక్కో సెట్టింగ్ పేరును, ఇక్కడ తెలుగులో రాస్తున్నాం. ఫైల్లో మాత్రం ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో, మధ్యలో చుక్కతో ఉండాలి.)

అసలు ఇప్పుడున్న డిఫాల్టులే చెడ్డవి కావు. న్యూరోబయాలజీ పరిశోధకుడు జాన్ హంటర్ 2003లో విడుదల చేసిన ఈ లైబ్రరీ మొదట్లో మ్యాట్‌ల్యాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ పోలికలతోనే ఉండేది. బూడిద రంగు చట్రం, జెట్ అనే ఇంద్రధనుస్సు రంగుల పట్టీ, లోపలికి తిరిగిన టిక్కులు (అక్షం మీది చిన్న కొలత గీతలు) అన్నీ ఆ కాలంవే. 2017 జనవరిలో వచ్చిన 2.0 వెర్షన్ వీటిని ఒక్క దెబ్బకు మార్చింది. జెట్ స్థానంలో విరిడిస్ వచ్చింది, గీతలకు పది రంగుల వరుస వచ్చింది, గీత మందం 1 పాయింటు నుంచి 1.5 అయింది, ఫాంట్ డేజావూ సాన్స్ అయింది, టిక్కులు బయటికి తిరిగాయి. బొమ్మ కొలత 8 బై 6 అంగుళాల నుంచి 6.4 బై 4.8కి తగ్గింది, డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) 80 నుంచి 100కి పెరిగింది. గుణించి చూస్తే రెండూ 640 బై 480 పిక్సెళ్లే. అంటే తెర మీద బొమ్మ అంతే ఉంది, అక్షరాల సైజు కూడా 12 పాయింట్ల నుంచి 10కి తగ్గింది కాబట్టి దాని మీది అక్షరాలూ దాదాపు అంతే ఉన్నాయి. పాత రూపమే కావాలనుకునేవాళ్లకు ‘క్లాసిక్’ అనే స్టైల్ ఇప్పటికీ ఉంది.

మూడు పొరలు

అడుగున ఉండేది మ్యాట్‌ప్లాట్‌లిబ్ఆర్‌సీ అనే ఫైలు. దాని పైన స్టైల్ షీటు, అంటే రూపం సెట్టింగులు విడిగా రాసిపెట్టుకునే ఫైలు. అన్నిటికన్నా పైన, ప్రోగ్రాం నడుస్తుండగా ఆర్‌సీపారామ్స్ అనే డిక్షనరీలో నేరుగా పెట్టే విలువ. పైది కిందిదాన్ని కొట్టేస్తుంది. ఆ డిక్షనరీలో మూడొందలకు పైగా మీటలున్నాయి. నిజంగా పనికొచ్చేవి ముప్పయ్యో నలభయ్యో.

అడుగు పొరతోనే మొదటి తిరకాసు. ఆ ఫైలు కోసం లైబ్రరీ నాలుగు చోట్ల వరుసగా వెతుకుతుంది: ముందు ప్రోగ్రాం ఏ ఫోల్డరులో నడుస్తోందో అక్కడ, తర్వాత అదే పేరుతో ఉన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూపించిన చోట, తర్వాత వాడుకరి సొంత కాన్ఫిగ్ ఫోల్డరులో, ఆఖరున ఇన్‌స్టాల్ అయిన చోట. మొదట దొరికినదాంతో వెతుకులాట ఆపేస్తుంది. రెండు ఫైళ్లుంటే రెండూ కలుస్తాయని అనుకుంటే పప్పులో కాలేసినట్టే. ప్రాజెక్టు ఫోల్డరులో రెండు వరుసల ఫైలు పెడితే, కాన్ఫిగ్ ఫోల్డరులో మీరు ఏళ్లుగా పెంచుకున్న అరవై వరుసల ఫైలు జోలికే పోదు. లేని మీటలకు లైబ్రరీ డిఫాల్టులు వస్తాయి.

పైగా మొదటి చోటు ‘నడుస్తున్న ఫోల్డరు’ కావడంతో ఇంకో ఇబ్బంది. అదే స్క్రిప్టు నోట్‌బుక్‌లో నడిపితే నోట్‌బుక్ ఉన్న ఫోల్డరు, రాత్రిపూట షెడ్యూలర్ నడిపితే సాధారణంగా హోం ఫోల్డరు. పగలు గీసిన గ్రాఫూ రాత్రి గీసిన గ్రాఫూ వేరుగా కనిపిస్తే మొదట అనుమానించాల్సింది దీన్నే. ఏ ఫైలు చదివిందో తేల్చడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్_ఎఫ్‌నేమ్ అనే ఫంక్షన్ ఉంది, పూర్తి దారి చెబుతుంది. ఇన్‌స్టాల్ ఫోల్డరులోని ఫైలును మాత్రం ముట్టుకోవద్దు. అప్‌గ్రేడ్ చేసిన రోజున మీ మార్పులు తుడిచిపెట్టుకుపోతాయి.

రూపానికి సంబంధించిన సెట్టింగులు ఈ ఫైల్లో పెట్టకపోవడమే మేలు. కారణం తేలికే. అది మీ యంత్రంలో ఉంటుంది, కోడ్‌తోపాటు ప్రయాణం చేయదు. మీ సహోద్యోగి అదే కోడ్ నడిపితే వేరే గ్రాఫ్ వస్తుంది, ఎందుకో కోడ్ ఎంత చదివినా తెలియదు. బ్యాకెండ్ (బొమ్మను తెర మీదికో ఫైల్లోకో గీసే భాగం) ఏది, సేవ్ కిటికీ ఏ ఫోల్డరులో తెరుచుకోవాలి లాంటి యంత్రానికి సంబంధించిన సంగతులకు ఆ ఫైలు సరైన చోటు. మ్యాట్‌ప్లాట్‌లిబ్ కూడా ఈ గీత గీసే ఉంచింది. బ్యాకెండ్, ఇంటరాక్టివ్, టూల్‌బార్, టైమ్‌జోన్ వంటి మీటలను స్టైల్ షీటులో పెడితే హెచ్చరిక ఇచ్చి పక్కన పడేస్తుంది.

రూపానికి సరైన చోటు స్టైల్ షీటు. డాట్ ఎంపీఎల్‌స్టైల్ పొడిగింపుతో మామూలు టెక్స్ట్ ఫైలు, వరుసకు ఒక మీట, కోలన్, విలువ, అంతే. కాన్ఫిగ్ ఫోల్డరులో స్టైల్‌లిబ్ అనే ఉపఫోల్డరు చేసి అందులో పెడితే పేరుతో పిలవొచ్చు. పెట్టాక పైథాన్‌ను మళ్లీ మొదలుపెట్టాలి, లేదా రీలోడ్_లైబ్రరీ పిలవాలి. లేకపోతే అలాంటి స్టైల్ లేదంటుంది. ఇంతకన్నా మంచి పద్ధతి, ఫైలును ప్రాజెక్టులోనే ఉంచి పూర్తి దారి ఇచ్చి వాడటం. 3.7 వెర్షన్ నుంచి పైథాన్ ప్యాకేజీ లోపల పెట్టి ‘ప్యాకేజీ పేరు, చుక్క, స్టైల్ పేరు’ అని పిలిచే వీలు కూడా వచ్చింది. పది మంది కలిసి పనిచేసే చోట ఇంతకంటే శుభ్రమైన దారి లేదు.

స్టైల్‌ను వాడుకలోకి తెచ్చే ఫంక్షన్ స్టైల్.యూజ్. దాన్ని పిలిస్తే స్టైల్ ‘మారుతుంది’ అనుకుంటారు చాలామంది. మారదు, పాతదాని మీద పరుచుకుంటుంది. ముందు నల్ల నేపథ్యం ఇచ్చే డార్క్_బ్యాక్‌గ్రౌండ్ వాడి, తర్వాత గీత మందం ఒక్కటే ఉన్న మీ ఫైలు వాడితే నలుపు అలాగే ఉంటుంది. అందుకే ఎప్పుడూ జాబితాగా, మొదట ‘డిఫాల్ట్’, తర్వాత మీది అని రెండూ కలిపి ఇవ్వాలి. జాబితాలో కుడివైపున్నది ఎడమవైపుదాన్ని కొట్టేస్తుంది. లక్షల బిందువుల గీతలకు వేగం పెంచే ‘ఫాస్ట్’ అనే స్టైల్ జోడిస్తే దాన్ని అన్నిటికన్నా చివర పెట్టాలి. ఇక వెనక్కి తిప్పే ఫంక్షన్లు రెండు. ఆర్‌సీడిఫాల్ట్స్ లైబ్రరీ సొంత విలువలకు తీసుకెళ్తుంది, ఆర్‌సీ_ఫైల్_డిఫాల్ట్స్ మీ అడుగు ఫైలు విలువలకు తీసుకెళ్తుంది. పేర్లు ఇంత దగ్గరగా పెట్టినవాళ్లకు ఒక దండం.

ఎప్పుడు చదువుతుందన్నదే అసలు గుట్టు

ఈ ఏర్పాటులో జనం ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. ఆర్‌సీపారామ్స్‌లోని విలువలన్నీ ఒకేసారి చదవబడవు. ఫిగర్.ఫిగ్‌సైజ్ బొమ్మ పుట్టినప్పుడు చదువుతుంది. యాక్సెస్.తో మొదలయ్యే మీటలు అక్షాలు పుట్టినప్పుడు. లైన్స్.లైన్‌విడ్త్ గీత పుట్టినప్పుడు. సేవ్‌ఫిగ్.తో మొదలయ్యేవి, పీడీఎఫ్.ఫాంట్‌టైప్, ఎస్‌వీజీ.ఫాంట్‌టైప్ మాత్రం ఫైలుగా సేవ్ చేసే క్షణంలో. ఒకసారి పుట్టిన గీత తర్వాత ఆ డిక్షనరీని చూడదు. కాబట్టి బొమ్మనూ అక్షాలనూ పుట్టించే సబ్‌ప్లాట్స్ పిలిచాక కొలత మార్చితే ఫలితం ఉండదు, తప్పు జరిగిందన్న మాటా రాదు.

తాత్కాలికంగా మార్చుకోవడానికి ఆర్‌సీ_కాంటెక్స్ట్, స్టైల్.కాంటెక్స్ట్ అని రెండున్నాయి. విత్ బ్లాకులో పెడితే బ్లాకు దాటగానే పాత విలువలు తిరిగొస్తాయి. చాలా మంచి సదుపాయం, కానీ సేవ్‌ఫిగ్ పిలుపు కూడా బ్లాకు లోపలే ఉండాలి. గీయడం లోపల, సేవ్ చేయడం బయట అయితే, గీతలూ రంగులూ మీవే వస్తాయి, డీపీఐ, ఫాంట్‌టైప్ మాత్రం డిఫాల్టువి పడతాయి. బొమ్మ చూస్తే తేడా తెలియదు. పీడీఎఫ్‌లో టైప్ 3 ఫాంట్లు ఉన్నాయంటూ సమర్పణ వ్యవస్థ వెనక్కి కొట్టిన రోజునే తెలుస్తుంది. పీడీఎఫ్.ఫాంట్‌టైప్ డిఫాల్ట్ విలువ 3. చాలా పత్రికలూ సదస్సులూ అడిగే ట్రూటైప్ కావాలంటే 42 పెట్టాలి. పీఎస్.ఫాంట్‌టైప్‌కూ అంతే. ఎస్‌వీజీకి డిఫాల్ట్ ‘పాత్’, అంటే అక్షరాలు ఆకారాలుగా మారిపోతాయి. తర్వాత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు దిద్దుకోవాలంటే ‘నన్’ పెట్టుకోవాలి.

ఆర్ భాషలోని గ్రాఫుల లైబ్రరీ జీజీప్లాట్2తో పోలిస్తే ఇది తలకిందులు. అక్కడ థీమ్_సెట్ పిలిచాక, అంతకుముందు తయారుచేసి పెట్టుకున్న గ్రాఫును మళ్లీ ప్రింట్ చేసినా కొత్త థీమ్‌తోనే వస్తుంది, ఎందుకంటే థీమ్‌ను గీసేటప్పుడు చదువుతుంది. రెండు భాషల్లోనూ పనిచేసేవాళ్లు ఈ తేడా గుర్తుపెట్టుకోకపోతే రోజూ తిప్పలే.

సైజు లెక్క

రూపం గురించి వచ్చే ఫిర్యాదుల్లో సగానికి మూలం రంగు కాదు, కొలత. అక్షరాలూ గీతలూ పాయింట్లలో ఉంటాయి, పాయింటంటే అంగుళంలో 72వ వంతు. బొమ్మ అంగుళాల్లో ఉంటుంది. 12 బై 9 అంగుళాల బొమ్మ గీసి, దాన్ని రెండు కాలమ్‌ల పేజీలో 3.5 అంగుళాల వెడల్పుకు కుదిస్తే, 10 పాయింట్ల అక్షరం 2.9 పాయింట్లకు చిక్కిపోతుంది. భూతద్దం పెట్టుకుని చదవాలి. అప్పుడు ఫాంట్.సైజ్ 34కి పెంచడం మందు కాదు. అక్షరాలు కనబడతాయి గానీ గీతలు, టిక్కులు, మార్కర్లు సన్నగానే మిగులుతాయి. అచ్చులో ఎంత వెడల్పు ఉండాలో అంతే వెడల్పుతో గీయడం మందు. ఫిగ్‌సైజ్ 3.5, 2.4, ఫాంట్.సైజ్ 8, లైన్‌విడ్త్ 1.0; మార్కర్‌సైజ్ 3 లేదా 4; సేవ్‌ఫిగ్.డీపీఐ 300. తెర మీద చూస్తే బొమ్మ బొటనవేలంత ఉందనిపిస్తుంది. తెర కోసం ఫిగర్.డీపీఐ ఒక్కటి 200 చేసుకోండి, సేవ్‌ఫిగ్.డీపీఐ విడిగా ఉంది కాబట్టి అచ్చుకు ఇబ్బంది లేదు.

అక్షరాల సైజుల్లో ఒక సుఖముంది, వాడుకునేవాళ్లు తక్కువ. శీర్షిక సైజు ‘లార్జ్’, టిక్కుల సైజు ‘మీడియం’ అని మాటల్లో ఉంటాయి. అవి ఫాంట్.సైజ్‌కు గుణకాలు: లార్జ్ 1.2 రెట్లు, స్మాల్ 0.833 రెట్లు. అంటే ఫాంట్.సైజ్ ఒక్కటి మార్చితే అన్నీ కలిసి పెరుగుతాయి, కలిసి తగ్గుతాయి. స్టైల్ షీటులో ఐదారు చోట్ల అంకెలు రాసుకుంటే ఈ సుఖం పోయినట్టే. టిక్కులు కాస్త చిన్నవి కావాలంటే 7 అని కాకుండా స్మాల్ అని రాయండి.

ఇక సేవ్‌ఫిగ్.బీబాక్స్‌ను ‘టైట్’ చేయమనే సలహా ప్రతి చోటా కనిపిస్తుంది. అచ్చుకు వెళ్లే బొమ్మల విషయంలో అది కొంప ముంచే సలహా. టైట్ అంటే చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించి, 0.1 అంగుళం మాత్రం వదలడం. మీరు 3.5 అంగుళాలు అడిగితే చేతికొచ్చేది 3.2 కావచ్చు, లెజెండ్ బయటికి పొడుచుకొస్తే 4.1 కూడా కావచ్చు. 3.2 వచ్చినదాన్ని మళ్లీ 3.5కి సాగదీస్తే 8 పాయింట్ల అక్షరం 8.75 అవుతుంది. పక్క బొమ్మలో ఇంకో సైజు. ఒకే పేజీలోని బొమ్మల్లో అక్షరాలు ఒక్కోటి ఒక్కోలా ఉండటానికి కారణం ఇదే. దీనికి బదులు ఫిగర్.కాన్‌స్ట్రెయిన్డ్_లేఅవుట్.యూజ్ అనే మీటను ట్రూ చేయండి. బయటి కొలత కదలకుండా లోపలి అక్షాలను సర్దుతుంది. ఆ తర్వాత కోడ్‌లో ఎక్కడైనా సబ్‌ప్లాట్స్_అడ్జస్ట్ మిగిలిపోతే దాన్ని పట్టించుకోవడం లేదని హెచ్చరిస్తుంది. ఇక్కడైనా నోరు విప్పినందుకు సంతోషం.

నోట్‌బుక్‌లో పనిచేసేవాళ్లకు ఇంకో మెలిక. సెల్ కింద కనిపించే బొమ్మను ఇన్‌లైన్ బ్యాకెండ్ తనంతట తానే టైట్‌గా కత్తిరించి చూపిస్తుంది. అక్కడ కుదిరిందని సేవ్ చేస్తే, ఫైల్లో కింది అక్షం పేరు సగం తెగిపోయి కనిపిస్తుంది. నోట్‌బుక్‌లో చూసిందే ఫైల్లో ఉంటుందని నమ్మకండి, ఫైలు తెరిచి చూడండి.

ఫైలు రాసేటప్పుడు కాలికి తగిలే రాళ్లు

రంగు సంకేతాలకు ముందుండే హ్యాష్ గుర్తు ఈ ఫైళ్లలో వ్యాఖ్యకు మొదలు. గ్రిడ్.కలర్ దగ్గర #444444 అని రాస్తే, విలువ ఖాళీ అయిపోయి, లాగ్‌లో ఒక హెచ్చరిక పడి, పాత రంగే ఉండిపోతుంది. హ్యాష్ లేకుండా 444444 అని రాయాలి. కొత్త వెర్షన్లలో జంట కోట్ల మధ్య పెడితే హ్యాష్ కూడా చెల్లుతుంది, కానీ పాత వెర్షన్లున్న యంత్రాల్లోనూ నడవాలంటే హ్యాష్ మానేయడమే క్షేమం. రంగుల వరుస పెట్టే యాక్సెస్.ప్రాప్_సైకిల్ దగ్గర ఒంటి కోట్లే వాడతాం గనక అక్కడ హ్యాష్ అసలు పనికిరాదు.

మీట పేరు తప్పు రాస్తే? కోడ్‌లో నేరుగా పెడితే కీఎర్రర్ విసిరి ఆపేస్తుంది. అదే తప్పు ఫైల్లో ఉంటే హెచ్చరిక ముద్రించి ముందుకు పోతుంది. సర్వర్ మీద నడిచే పనిలో ఆ హెచ్చరికను చదివేదెవరు? కొత్త స్టైల్ షీటు రాసిన వెంటనే ఒకసారి చేత్తో నడిపి, టెర్మినల్‌లో వచ్చిన ప్రతి వరుసా చదవాలి. ఒకే తప్పుకు రెండు రకాల స్పందన ఉండటం ఈ ఏర్పాటులో సమర్థించలేని విషయం.

రంగుల వరుస గురించి ఇంకొంచెం. ప్రాప్_సైకిల్‌లో రంగు ఒక్కటే కాదు, గీత రకమూ పెట్టొచ్చు. రెండు సైక్లర్లను (వంతులవారీగా తిరిగే విలువల జాబితాలను) కూడితే జతలుగా నడుస్తాయి, రెండింటి పొడవూ సమానంగా ఉండాలి, లేకపోతే ఎర్రర్. గుణిస్తే అన్ని జోడీలూ వస్తాయి: నాలుగు రంగులు, మూడు గీత రకాలు, మొత్తం పన్నెండు. నలుపు తెలుపు ప్రింటర్‌లో కూడా గీతలు విడిగా తెలియాలంటే కూడిక పద్ధతి చాలు. కాకపోతే బార్లూ స్కాటర్ బిందువులూ సైకిల్‌లోంచి రంగునే తీసుకుంటాయి, గీత రకాన్ని పట్టించుకోవు. రంగులు గుర్తించడంలో ఇబ్బంది ఉన్నవాళ్లను దృష్టిలో పెట్టుకుంటే వెతకక్కర్లేకుండా టాబ్లో_కలర్‌బ్లైండ్10 లోపలే ఉంది, 3.10 వెర్షన్ నుంచి పెట్రాఫ్10 కూడా ఉంది.

గ్రిడ్ వేస్తే వచ్చే రెండు పేచీలు. యాక్సెస్.యాక్సిస్‌బిలో డిఫాల్ట్ విలువ ‘లైన్’. అంటే గ్రిడ్ గీతలు మీ గీతల కిందా, బార్ల పైనా పడతాయి. బార్ చార్టు మీద బూడిద చారలు అడ్డంగా పోవడం చూసి రంగు లేతగా చేసుకునేవాళ్లున్నారు. అక్కర్లేదు, ఆ మీటను ట్రూ చేస్తే చాలు. రెండోది, యాక్సెస్.గ్రిడ్ ట్రూ చేస్తే ఇమ్‌షోతో చూపించే చిత్రాల మీదా గ్రిడ్ పరుచుకుంటుంది, రెండు నిలువు అక్షాలున్న గ్రాఫులో రెండు గ్రిడ్‌లు ఒకదాన్నొకటి తొక్కుకుంటాయి. డిఫాల్టుగా గ్రిడ్ ఫాల్స్‌గానే ఉంచి, రంగూ మందమూ మాత్రం స్టైల్ షీటులో నిర్ణయించుకుని, కావలసిన అక్షానికి కోడ్‌లో తెరవడమే నయం.

అక్షం మూలన హఠాత్తుగా ఒక చిన్న కూడిక అంకె వేలాడుతుంటే అది యాక్సెస్.ఫార్మాటర్.యూజ్‌ఆఫ్‌సెట్ పుణ్యం, ఫాల్స్ చేయండి. మైనస్ గుర్తు బదులు ఖాళీ పెట్టె కనిపిస్తే మీ ఫాంటులో అసలు మైనస్ అక్షరం లేదని అర్థం; యాక్సెస్.యూనికోడ్_మైనస్‌ను ఫాల్స్ చేస్తే మామూలు అడ్డగీత వాడుతుంది.

ఫాంట్లు

ఫాంట్ కనబడకపోతే హెచ్చరిక ఇచ్చి డేజావూ సాన్స్‌తో గీసేస్తుంది. ఇక్కడ మూడు కారణాలు చూడాలి. ఫైలు పేరు రాశారా, ఫాంట్ కుటుంబం పేరు రాశారా అన్నది మొదటిది. ఫాంట్ లోపల రాసున్న కుటుంబం పేరే చెల్లుతుంది. రెండోది, ఫాంట్ జాబితాను లైబ్రరీ ఒకసారి తయారుచేసి క్యాష్‌లో దాచుకుంటుంది. కొత్త ఫాంట్ ఇన్‌స్టాల్ చేశాక గెట్_క్యాష్‌డిర్ చూపించే ఫోల్డరులో ఫాంట్‌లిస్ట్‌తో మొదలయ్యే జేసన్ ఫైలు తీసేసి, పైథాన్ మళ్లీ మొదలుపెట్టాలి. మూడోది, సర్వర్‌లో ఆ ఫాంట్ లేకపోవడం. దీనికి ఫాంట్‌ను ప్రాజెక్టులోనే పెట్టుకుని యాడ్‌ఫాంట్ ఫంక్షన్‌తో చేర్చడం ఉత్తమం. క్యాష్ గొడవ కూడా ఉండదు. గణిత సూత్రాలకు మ్యాథ్‌టెక్స్ట్.ఫాంట్‌సెట్ వేరే మీట. ఒళ్లంతా టైమ్స్ తరహా అక్షరాలు పెట్టి దీన్ని వదిలేస్తే సూత్రాలు సాన్స్‌లో మిగిలిపోతాయి; అలాంటప్పుడు ‘స్టిక్స్’ జత కుదురుతుంది.

తెలుగు అక్షరాలతో అక్షాల పేర్లు పెట్టాలనుకునేవాళ్లకు నిరాశే. 3.6 నుంచి ఒక ఫాంటులో లేని అక్షరాన్ని జాబితాలోని మరో ఫాంటులో వెతికే పద్ధతి వచ్చింది కాబట్టి అక్షరాలైతే కనిపిస్తాయి. కానీ 3.10 వరకూ వత్తులూ గుణింతాలూ కలిపి పేర్చే పని లైబ్రరీ చేయదు, ఒత్తక్షరాలు విడిపోయి పడతాయి. ఆ వెర్షన్లలో ఫాంట్ సెట్టింగులు మార్చినంత మాత్రాన ఇది బాగుపడదు.

రెడీమేడ్ స్టైళ్లూ, సీబోర్నూ

లోపలే వచ్చే స్టైళ్లలో నివేదికలో అలాగే పెట్టదగ్గవి తక్కువ. ఫైవ్‌థర్టీఎయిట్ బాగుంటుంది గానీ గీత మందం 4, అక్షరం 14. చిన్న బొమ్మలో ఇరుక్కుంటుంది. జీజీప్లాట్ స్టైల్ బూడిద నేపథ్యం ప్రొజెక్టర్ మీద మురికిగా కనిపిస్తుంది. గ్రేస్కేల్ మాత్రం అచ్చు పనికి పనికొస్తుంది. ఫిగర్.ఫేస్‌కలర్ నలుపు, అక్షరాలు తెలుపు అని సొంతంగా పెట్టుకున్నవాళ్లు 3.3 కన్నా పాత వెర్షన్‌లో సేవ్ చేస్తే తెల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు వచ్చేవి, సేవ్‌ఫిగ్.ఫేస్‌కలర్ ‘ఆటో’ అయ్యాక ఆ బాధ తప్పింది.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ మీదే కట్టిన ఇంకో గ్రాఫుల లైబ్రరీ సీబోర్న్. దాని పేరుతో ఉన్న స్టైళ్లు వాడిన పాత కోడ్ ఇప్పుడు విరుగుతుంది. 3.6లో వాటి పేర్లకు వీ0_8 అని చేర్చారు, 3.8లో పాత పేర్లు తీసేశారు. పేరులో సీబోర్న్ తర్వాత ఆ ముక్క చేరిస్తే మళ్లీ నడుస్తుంది.

అసలు సీబోర్న్ లైబ్రరీ వాడేటప్పుడు వరుస ముఖ్యం. సెట్_థీమ్ పిలుపు ఆర్‌సీపారామ్స్‌లోనే రాస్తుంది. మీ స్టైల్ షీటు ముందు వాడి, తర్వాత సెట్_థీమ్ పిలిస్తే మీది పోతుంది. ముందు అది, తర్వాత మీది. దాని కాంటెక్స్ట్ అనే మాట మాత్రం మెచ్చుకోదగ్గది: పేపర్ 0.8, నోట్‌బుక్ 1, టాక్ 1.5, పోస్టర్ 2 రెట్లు. అక్షరాలతోపాటు గీతలూ టిక్కులూ అన్నీ కలిసి పెరుగుతాయి. మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో అలాంటి ఒక్క మీట లేదు, ఉండాల్సింది. ఇంకోటి, సీబోర్న్ బార్‌ప్లాట్, బాక్స్‌ప్లాట్ మీ రంగును యథాతథంగా వేయవు. సాచురేషన్ 0.75 అని డిఫాల్ట్ ఉంది, కాస్త వెలిసినట్టు వస్తుంది. సంస్థ రంగు కచ్చితంగా పడాలంటే దాన్ని 1 చేయాలి. అది ఫంక్షన్‌కు ఇచ్చే విలువ, స్టైల్ షీటు దాకా రాదు. పట్టికల లైబ్రరీ పాండాస్‌తో తేదీల గ్రాఫ్ గీసేటప్పుడూ ఇలాంటిదే: డేట్.ఆటోఫార్మాటర్ మీటలను పక్కన పెట్టి తన సొంత పద్ధతిలో తేదీలు వేస్తుంది. ఎక్స్_కంపాట్‌ను ట్రూ చేస్తే దారికొస్తుంది.

పక్కవాళ్లతో చూస్తే

జీజీప్లాట్2లో, 2025లో 4.0 వెర్షన్ వచ్చేదాకా, థీమ్ ఒకచోట, బిందువుల, గీతల డిఫాల్టులు అప్‌డేట్_జియామ్_డిఫాల్ట్స్‌లో, రంగుల వరుస ఆప్షన్స్‌లో ఉండేవి. మూడు తలుపులు తట్టాల్సివచ్చేది. ఆర్‌లోని పాత పార్ ఫంక్షన్ ఇంకా అన్యాయం. కొత్త డివైస్ తెరవగానే అన్నీ మరిచిపోతుంది. మ్యాట్‌ల్యాబ్‌లో గ్రూట్ అనే మూల వస్తువుకు ‘డిఫాల్ట్, వస్తువు పేరు, గుణం పేరు’ అంటించి పెట్టాలి, పద్ధతి చక్కనిది, ఫైలుగా పంచుకునే సౌకర్యం తక్కువ. ప్లాట్లీ అనే మరో గ్రాఫుల లైబ్రరీ టెంప్లేట్లలో కూడిక గుర్తుతో రెండింటిని కలపడం ముచ్చటగా ఉంటుంది. అయితే సాదా టెక్స్ట్ ఫైలు ఒకటి రాసి, వెర్షన్ కంట్రోల్‌లో పెట్టి, మార్పు వచ్చినప్పుడు ఏ వరుస మారిందో చూసుకునే హాయి మ్యాట్‌ప్లాట్‌లిబ్‌దే. ఆ ఒక్క కారణానికి ఇక్కడ మార్కులన్నీ దానికే.

స్టైల్ షీటు చేయలేని పనులూ ఉన్నాయి. బార్ వెడల్పు, అంచు గీతను అక్షానికి దూరంగా జరపడం, అంకెల మధ్య కామాలు మనకు నచ్చినట్టు పెట్టడం, కలర్‌బార్ మందం వంటివాటికి మీటలు లేవు. వీటికి చిన్న సహాయక ఫంక్షన్ రాసుకుని, స్టైల్ షీటు పక్కనే అదే ప్యాకేజీలో పెట్టుకోవాలి. అయితే ప్యాకేజీని దిగుమతి చేయగానే ఆర్‌సీపారామ్స్ మార్చేసే కోడ్ మాత్రం రాయొద్దు. వాడేవాళ్ల గ్రాఫులన్నీ చెప్పాపెట్టకుండా మారిపోతాయి. సీబోర్న్ కూడా ఒకప్పుడు అలాగే చేసేది, 2017లో 0.8 వెర్షన్‌తో మానుకుంది.

వందల గ్రాఫులు ఒకేసారి గీసే పనిలో ఒక జాగ్రత్త. ఆర్‌సీపారామ్స్ ప్రోగ్రాం మొత్తానికీ ఒక్కటే. థ్రెడ్లలో గీస్తూ ఒక్కోదాంట్లో ఒక్కో ఆర్‌సీ_కాంటెక్స్ట్ వాడితే ఒకదాని విలువలు ఇంకోదానిలోకి జారతాయి. వేర్వేరు ప్రాసెసులుగా విడగొట్టండి. అప్పుడు విండోస్, మ్యాక్‌లలో కొత్త ప్రాసెస్ పైథాన్‌ను మొదటినుంచి మొదలుపెడుతుంది గనక, ప్రధాన ప్రోగ్రాం మాత్రమే నడిపే మెయిన్ బ్లాకులో మీరు పిలిచిన స్టైల్ అక్కడికి చేరదు. స్టైల్.యూజ్ పిలుపును గీసే ఫంక్షన్ లోపల, మొదటి వరుసలోనే పెట్టాలి.